బొల్లిని గూర్చి మన ఇళ్ళలో జరుగవలసిన ఆలోచన

నూలు ధరలు, రంగుల ధరలు, సహకార సంఘాలకు రావలసిన రిబేటు బకాయిలు, వీటిని గూర్చి మన పత్రికలో తరచుగా వ్యాసములు వస్తూనే వున్నవి. చర్మము మీద తెల్లమచ్చలను గూర్చి వ్రాయుట కూడా ఈ పత్రిక పనియేనా అని కొందరు పెద్దలు అడుగవచ్చును. పనియే అని నా మనవి. షోలాపూరులోను, భివండిలోను, సేలములోను, దొడ్డబళ్ళాపురములోను, బరంపురములోను, యానాములోను మన కుటుంబములు తరతరాలుగా స్థిరపడి వున్నవి. పెళ్ళి సంబంధములు మాత్రము నేటికీ మన భాషలోనే, మన వృత్తివారిలోనే, తెలిసిన గడపలలోనే చూచుకొంటున్నాము. వలయము చిన్నది. అందులో ఒక పిల్లకు కనురెప్ప మీద చిన్న తెల్లమచ్చ కనిపించినదంటే ఆ మాట దసరాకు పుట్టి సంక్రాంతికి నాలుగు వూళ్ళు తిరుగుతుంది. ఆ పిల్లకే గాక ఆమె చెల్లెళ్ళకు, పినతండ్రి బిడ్డలకు కూడా సంబంధములు తప్పిపోతున్నవి. ఇంతకంటె మన సంఘమునకు సంబంధించిన విషయము మరేమున్నది?

మొట్టమొదట చెప్పవలసినది ఒకటున్నది. బొల్లి వేరు, కుష్ఠు వేరు. మనవారు బొల్లిని "తెల్ల కుష్ఠు" అనుట వలన వచ్చిన అనర్థము ఇంతింత కాదు. పేరులో కుష్ఠు అన్న మాట చేరినందున ఆ భయమంతా వచ్చి దీని మీద పడినది. పెళ్ళిళ్ళ విషయములో శాస్త్రము చూపే పెద్దలకు ఒక సంగతి మనవి చేస్తాను. మనుస్మృతి మూడవ అధ్యాయములో ఏ ఏ రోగములున్న కుటుంబములతో వియ్యమందరాదో చెప్పినచోట శ్విత్రమును, కుష్ఠును రెండు వేరు వేరు మాటలుగా చెప్పినారు. ఆ నిషేధమును నేను ఒప్పుకొనను గాని, రెండూ ఒకటి కాదని ఆ కాలము వారికి కూడా తెలియునని చెప్పుటకే దీనిని ఎత్తినాను. రెండు వేల యేండ్ల క్రిందట తెలిసిన భేదము మన వీధి అరుగుల మీద నేటికీ తెలియకపోవుట చిత్రము.

ఈ భేదమును మన వృత్తి మాటలలో చెప్పుకొంటే సులభముగా బోధపడుతుంది. చర్మము పైపొర అడుగున రంగు తయారుచేసే కణములు వున్నవి. వాటిని మన అద్దకపువారు అనుకొనండి. వారు చేసే నల్లని రంగు పేరు మెలనిన్. నలుపు మనిషైనా ఎరుపు మనిషైనా ఈ అద్దకపువారి సంఖ్య ఇంచుమించు ఒక్కటే, వారు దింపే రంగులోనే ఎక్కువ తక్కువలు. బొల్లి వచ్చినచోట ఈ అద్దకపువారే లేకుండా పోతారు. తొట్టి వున్నది, నూలు వున్నది, రంగు వేసేవాడు లేడు. అందుచేతనే ఆ మచ్చ పాలవలె, సున్నమువలె తెల్లగా వుంటుంది. స్పర్శకు లోపము వుండదు, పొట్టు రాలదు, నొప్పి వుండదు. మచ్చ మీది వెంట్రుకలు కూడా ఒక్కొక్కప్పుడు నెరుస్తవి.

కుష్ఠు మచ్చ అట్లా వుండదు. అది చాలవరకు పాలిపోయిన రంగులోనో, ఎర్రగానో వుంటుంది గాని సున్నపు తెలుపు కాదు. అక్కడ స్పర్శ మందగిస్తుంది. వేడి తగిలినా, సూది గుచ్చినా తెలియదు. మగ్గము మీద కూర్చున్నవానికి చేతి వ్రేళ్ళ తిమ్మిరి, పట్టు తప్పుట కనబడితే ఆలస్యము చేయరాదు. అదియైనా ఇప్పుడు భయపడవలసిన రోగము కాదు. 1980ల నుండి కొన్ని మందులను కలిపి ఇచ్చే చికిత్స వచ్చినది. రోగ తీవ్రతను బట్టి ఆరు నెలలు లేక పన్నెండు నెలలు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా ఇస్తున్నారు. మందు మొదలుపెట్టిన కొద్ది కాలములోనే రోగి నుండి ఇతరులకు అంటుకొనే భయము తీరిపోతుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టములో విడాకులకు కారణముగా వుండిన కుష్ఠును 2019లో సవరణ చేసి తీసివేసినారు. బొల్లి పేరు ఆ చట్టములో మొదటినుండీ లేదు. చట్టము చేయని పని మన పెద్దమనుషులు చేస్తున్నారు!

తెల్లగా కనబడిన ప్రతి మచ్చా బొల్లి కాదనేది మరొక సంగతి. బరంపురము, యానాము వంటి తేమ ప్రాంతములలో మెడ మీద, రొమ్ము మీద, వీపున చిన్న చిన్న తెల్లని పొడలు వచ్చి, గోకితే సన్నని పొట్టు రాలుతుంది. దానిని శోభి అంటారు. అది చర్మము మీద నివసించే ఒక బూజు వలన కలిగేది. అద్దకపువాడు అక్కడే వున్నాడు, పని మందగించినది, అంతే. వైద్యుడు వ్రాసి ఇచ్చిన పూతమందుతో బూజు పోతుంది. చర్మము అసలు రంగుకు వచ్చుటకు మాత్రము కొన్ని నెలలు పడుతుంది. ఈ లోపల "మందు పని చేయలేదు" అని వైద్యులను మార్చేవారు చాలామంది. చిన్నపిల్లల బుగ్గల మీద పొడిబారిన పాలిపోయిన మచ్చలు వస్తే మన ఇళ్ళలో ఆడవారు కడుపులో పురుగులు అంటారు. అవి చర్మము ఎండిపోవుట వలన వచ్చేవి. కొబ్బరినూనె వంటిది రాస్తూ వుంటే పిల్ల పెరిగే కొద్దీ పోతవి. ఇటువంటి మచ్చను చూచి బొల్లి అని బెంబేలుపడిన తల్లులను నేనెరుగుదును.

బొల్లి ఎందుకు వస్తుంది? మన శరీరములో బయటి శత్రువులతో పోరాడే రక్షకదళము వున్నది. కొందరిలో అది పొరబడి తన ఇంటివారినే, అంటే ఆ రంగు కణములనే, శత్రువులని భావించి నాశనము చేస్తుంది. ఇట్లాంటివారిలో థైరాయిడు గ్రంథి జబ్బు కూడా సామాన్యజనములో కంటె ఎక్కువగా కనబడుతుంది. అందుచేతనే వైద్యులు ఆ రక్తపరీక్ష చేయిస్తారు. ప్రపంచములో నూటికి అరమనిషి మొదలు ఇద్దరి వరకు ఈ మచ్చలున్నవారే. అందులో సగము మందికి ఇరవై యేండ్ల లోపే మొదలవుతవి. పెళ్ళి ఈడుకు సరిగా ఎదురుపడేది అందుకే.

పాపము చేసినందువలన, పాలు చేపలు కలిపి తిన్నందువలన, నిమ్మకాయ తిన్నందువలన, గ్రహణమునాడు గర్భిణి బయటికి వచ్చినందువలన బొల్లి వచ్చుననే మాటలకు ఆధారము లేదు. ఇది అంటుకొనదు. ఒకే పళ్ళెములో తిన్నా, ఒకే దుప్పటి కప్పుకొన్నా, ఒకే మగ్గము గుంటలో దిగి నేసినా రాదు. మచ్చలున్న చేతులు నేసిన చీర కట్టుకొన్న ఆడపడుచుకు దానివలన ఏమీ కాదు. ఇంత వ్రాయవలసి వచ్చుటయే సిగ్గు. కాని మచ్చలున్న నేతగానికి "పట్టు చీరెలు వద్దు, దుప్పట్లు నేసుకో" అని నూలు మార్చి ఇచ్చిన షావుకార్లు వున్నారని విన్న తరువాత వ్రాయక తప్పలేదు.

"వంశములో వస్తుంది గదా" అనేది అందరి నోట వినవచ్చే ప్రశ్న. సూటిగా జవాబు చెప్పవలెను. వంశపు ప్రభావము కొంత వున్నది. అది ఒక్క బీజము వలన జరిగేది కాదు, అనేక బీజములు కలిసి కొంత మొగ్గును మాత్రమే కలిగిస్తవి. తల్లికో తండ్రికో బొల్లి వున్నప్పుడు పిల్లలలో నూటికి సుమారు ఐదారుగురికి రావచ్చును. అనగా తొంబది నలుగురికో ఐదుగురికో రాదు. బొల్లి వున్నవారిలో చాలామందికి కుటుంబములో మరెవ్వరికీ లేదు. మధుమేహము, రక్తపుపోటు తండ్రినుండి బిడ్డకు ఇంతకంటె ఎక్కువగానే వస్తున్నవి. పెళ్ళిచూపులలో పిల్లవాని తండ్రికి చక్కెర ఎంత వున్నదని అడిగినవారిని నేనింతవరకు చూడలేదు.

మా షోలాపూరు తూర్పు భాగములో జరిగినదొకటి చెప్పక తప్పదు. బి.ఏ. వరకు చదివి, ఇంట్లో కండెలు చుట్టుతూ, చీటీల లెక్కలు వ్రాసుకొనే పిల్ల. పదునెనిమిదవ యేట పెదవి ప్రక్కన చిన్న మచ్చ మొదలైనది. తల్లి ఎవ్వరికీ చెప్పక, వీధిలోకి వచ్చిన ఒక మందులవాని వద్ద లేపనము కొన్నది. "నలుబది దినములలో గ్యారంటీ" అన్నాడట. రాసి యెండలో కూర్చోమన్నాడు. మూడవ రోజుకు ముఖము పొక్కి, పుండై, ఆ పుండు మానినచోట తెలుపు ఇదివరకటికి రెండింతలైనది. ఆ తరువాత సంబంధము చూడవచ్చినవారిలో ఒక పెద్దమనిషి పిల్ల తండ్రితో మెల్లగా "అన్నా, పిల్ల మంచిదే, గని రేపు పిల్లలకొస్తే ఎట్ల?" అన్నాడు. తండ్రి బదులు చెప్పలేక కాఫీ తెమ్మని లోపలికి కేకవేసినాడు. ఆ ఇంట్లో తరువాతి రెండేండ్లు ఎవ్వరూ పెళ్ళి మాట ఎత్తలేదు. మొదటనే పెద్దాసుపత్రికి పోయి వుంటే ఆ ముఖపు మచ్చ బాగుపడేందుకు మంచి అవకాశమే వుండినది. ముఖము మీద వచ్చిన బొల్లి మిగిలినచోట్ల కంటె తొందరగా చికిత్సకు లొంగుతుంది.

అట్టి లేపనములలో వున్నది సామాన్యముగా బావంచాల సారమే. బావంచాలు మన పూర్వులు ఎరిగిన మందు. అబద్ధమని నేననను. అథర్వవేదములోనే ఈ రోగమును కిలాసమని పేర్కొని, రంగు కలిగించే మూలికను ఉద్దేశించి చెప్పిన సూక్తములున్నవి. రంగువేసే వృత్తివారమైన మనకు అది వింటే సంతోషమే. బావంచాలలో వున్న సొరాలెన్ అనే పదార్థము చర్మమునకు సూర్యకాంతిని తీక్ష్ణముగా పట్టిస్తుంది. 1940లలో ఈజిప్టు వైద్యుడు ఎల్ మోఫ్టీ అటువంటి పదార్థమునే వారి దేశపు మొక్కనుండి తీసి బొల్లికి వాడి చూచినాడు. కాని ఎంత మోతాదు, ఎంత యెండ, ఎన్ని నిమిషములు అనే లెక్క తప్పితే అది నిప్పుతో సమానము. గర్భిణులకు, చిన్నపిల్లలకు లోనికి ఇవ్వరాదు. లెక్క తెలిసిన వైద్యుని చేతిలో మందు, లెక్క తెలియని వీధివాని చేతిలో వాత.

ఇప్పటి చికిత్స సంగతి. కొద్ది మచ్చలకు పూతమందులు వాడుతారు. వాటిలో స్టీరాయిడు మందులు కొన్ని, టాక్రోలిమస్ వంటివి కొన్ని. స్టీరాయిడు పూతలను మందుల షాపులో అడిగి తెచ్చుకొని యేండ్ల తరబడి రాసుకొనరాదు. చర్మము పలచబడి ఎర్రనాళములు తేలుతవి. మచ్చలు ఎక్కువగా వున్నవారికి 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి చికిత్స వున్నది. 1990ల చివరనుండి ఇది బొల్లికి ముఖ్య చికిత్సలలో ఒకటైనది. వారానికి రెండు మూడు సార్లు, ఆరు నెలలు మొదలు సంవత్సరము పైగా పోవలసి వుంటుంది. దీనికి మాత్రలు మింగవలసిన పని లేదు. మొదట మచ్చ నడుమ వెంట్రుక కుదుళ్ళ చుట్టూ చిన్న చిన్న నల్లచుక్కలు తేలుతవి. అవి వ్యాపించి కలుసుకొంటవి. చిటికి కట్టిన నూలు విప్పినప్పుడు చుక్క చుక్కగా రంగు అగపడినట్లే. వెంట్రుకలు లేని వ్రేళ్ళ కొనలు, పెదవులు, వెంట్రుకలు పూర్తిగా నెరసిన మచ్చలు ఆలస్యముగా బాగుపడుతవి, కొన్ని బాగుపడవు. సంవత్సరము పాటు క్రొత్త మచ్చలు రాక నిలకడగా వుంటే, మంచి చర్మమునుండి కణములను తీసి మచ్చమీద నాటే శస్త్రచికిత్స వున్నది. శరీరములో ఒక ప్రక్కనే వచ్చి నిలిచిపోయే రకమునకు ఇది బాగుగా పని చేస్తుంది. 2022లో అమెరికాలో రక్సోలిటినిబ్ అనే పూతమందుకు అనుమతి వచ్చినది. అక్కడి ధర వింటే మన మగ్గము సంపాదనకు అందేది కాదు.

ఏ చికిత్సయైనా మూడు నెలలలోపు ఫలితము అడుగరాదు. ఏ చికిత్సయైనా తిరిగి మచ్చ రాదని మాట ఇవ్వజాలదు. నిజము చెప్పే వైద్యుడు ఈ రెండు మాటలు మొదటనే చెబుతాడు. అందుచేతనే మనవారు గ్యారంటీ ఇచ్చేవాని వద్దకు పరుగెత్తుతున్నారు.

ఇక మన పనిలో మనము జాగ్రత్తపడవలసినవి. బొల్లి తత్వము వున్నవారికి చర్మము ఎక్కడ ఒరుసుకొన్నా, గీచుకొన్నా, కాలినా అక్కడే క్రొత్త మచ్చ లేస్తుంది. మోకాలు, మోచేయి, వ్రేళ్ళ కణుపులు, లంగా బొందు బిగించే నడుము, చెప్పు వారు ఒరసే పాదము, ఇవన్నీ అట్టి చోట్లే. గుంట మగ్గము అంచున తొడ ఆనే తావున ఒక మెత్తని గుడ్డ మడత వేసుకొంటే పోయేదేమున్నది? కాస్టిక్ సోడా, హైడ్రోస్, బ్లీచింగు పౌడరు వట్టి చేతులతో కలిపే అద్దకపు సోదరులు కాలిన గాయములను లెక్కచేయరు. గాయము మానినచోట తెలుపు మిగులుట వారే చూస్తున్నారు. చేతితొడుగులు వాడవలెను. అందులోను ఒక మెలిక వున్నది. 1939లో అమెరికాలో తోళ్ళ కార్ఖానా పనివారికి రబ్బరు తొడుగులు వేసుకొన్నంత మేర చేతులు తెల్లబడినవి. ఆ రబ్బరులో కలిపిన ఒక రసాయనమే కారణమని తేలినది. కనుక తొడుగు ఆనినంత మేర రంగు మారితే ఆ తొడుగు మార్చి ప్లాస్టిక్ రకము వాడవలెను గాని తొడుగే మానరాదు.

స్త్రీలకు ముఖ్యముగా చెప్పవలసినది బొట్టు బిళ్ళల సంగతి. జిగురు వెనుక వుండే బొట్టు బిళ్ళలు వచ్చిన తరువాత నుదుట సరిగా బిళ్ళంత గుండ్రని తెల్లమచ్చ వచ్చుట మన దేశములో వైద్యులు ఎన్నోసార్లు చూచినారు. ఆ జిగురులోని ఒక ఫీనాలు జాతి రసాయనము రంగు కణములను చంపుతుంది. కొన్ని రకముల అలతాలో కలిపే రంగుల వలన పాదములపై, జుట్టు రంగు వలన తలచర్మము మీద, రబ్బరు చెప్పుల వలన పాదముపై చెప్పువారు ఆకారములోనే మచ్చలు వచ్చుట కూడా వ్రాసినారు. బరంపురము ఆడపడుచులు అలతా ప్రియులని అందరికీ తెలిసినదే, వారు దీనిని గమనించవలెను. తెల్లగా చేస్తామనే ముఖపు పూతల సంగతి చెప్పనే అక్కరలేదు. 2013లో జపానులో అటువంటి పూతలు వాడిన వేలాది స్త్రీల ముఖములపై, మెడలపై తెల్లమచ్చలు వచ్చి, ఆ సరుకును కంపెనీ వెనక్కి తీసుకోవలసి వచ్చినది. నలుపు పోవలెనని రాసుకొని మచ్చలు తెచ్చుకొన్నారు. మచ్చ మొదట కనబడగానే ఆ వస్తువు మానివేస్తే కొందరిలో రంగు తిరిగి వస్తుంది. కుంకుమ పెట్టుకొనే అత్తగారిని "పాతకాలము" అని నవ్వే కోడళ్ళు కొంచెము ఆలోచించవలెను. దొరికే కుంకుమలన్నీ పసుపుతో చేసినవే అని కూడా నమ్మరాదు.

ఈ సంఘ పత్రికను నడిపేవారికి నాలుగు మాటలు. 1954లో కేంద్రప్రభుత్వము మందుల అభ్యంతరకర ప్రకటనల చట్టము చేసినది. ఫలానా రోగములను నయము చేస్తామని ప్రకటన వేయుట నేరమని చెప్పిన ఆ పట్టికలో బొల్లి పేరు వున్నది. ప్రకటన ఇచ్చినవానికే గాక అచ్చువేయుటలో పాలుపంచుకొన్నవారికి కూడా ఆ చట్టము వర్తిస్తుంది. అయినా కుల సంఘముల పత్రికలలో, పంచాంగముల వెనుక అట్టమీద, రైల్వే గోడలమీద "బొల్లికి శాశ్వత నివారణ" చూస్తూనే వున్నాము. చందాలు చాలక ప్రకటనలతో పత్రిక నడుపుట ఎంత కష్టమో నాకు తెలియును. ఐనను ఈ ఒక్క రాబడిని వదులుకొనవలెను. అట్లాగే వధూవరుల ప్రకటనలలో "మచ్చలు లేని కన్య కావలెను" అన్న మాటను అచ్చు వేయకుండా త్రోసివేయవలెను. ఆ మాట ఒకసారి అచ్చయితే చదివిన ఇంటింటా ఒక పిల్ల అద్దము ముందర నిలబడి చూచుకొంటుంది.

దాచిపెట్టి పెళ్ళి చేయుమని నేను చెప్పుట లేదు. దాచిన మచ్చ కాపురానికి పోయిన పదవ రోజున బయటపడి జరిగే గొడవ మరింత ఘోరము. ముందే చెప్పవలెను, వైద్యుని కాగితము చూపవలెను, ఇష్టపడినవారితోనే ముడివేయవలెను. చెప్పినవారిని సంఘము తప్పుపట్టని రోజు వస్తేనే జనము చెప్పుటకు సాహసిస్తారు గనుక మొదటి అడుగు సంఘమే వేయవలసి వున్నది.

అసలు చిక్కు డబ్బుది, దినములది. కాంతి చికిత్సకు వారానికి రెండు రోజులు పోవలెనంటే నేతగానికి రెండు రోజుల కూలి పోయినట్లే. బస్సు చార్జీలు అదనము. ఆరు నెలలు ఎవరు పోగలరు? రెండు నెలలు పోయి మానివేస్తారు, "ఇంగ్లీషు మందు పని చేయదు" అంటారు. షోలాపూరులో వైశంపాయన్ స్మారక ప్రభుత్వ వైద్య కళాశాల, బరంపురములో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల, సేలములో మోహన్ కుమారమంగళం వైద్య కళాశాల వున్నవి. యానాము వారికి కాకినాడ రంగరాయ వైద్య కళాశాల దగ్గర. చర్మవ్యాధుల విభాగములలో ఏ ఏ రోజులలో చూస్తారో, కాంతి చికిత్స యంత్రము ఎక్కడ పనిచేస్తున్నదో ప్రతి శాఖా కార్యదర్శి స్వయముగా పోయి విచారించి వచ్చి, పత్రికకు వ్రాసి పంపవలెను. ఇంటివద్దనే వాడుకొనేందుకు చేతిలో పట్టుకొనే చిన్న కాంతి దీపములు కూడా వచ్చినవి. చర్మవైద్యుడు మోతాదు వ్రాసి ఇచ్చి, నెలకొకసారి చూస్తూ వుంటే, కొద్ది మచ్చలున్నవారికి అవి ఉపయోగపడుతవి. ఒక దీపము ఒక కుటుంబము కొనలేకపోవచ్చును, శాఖ కొనగలదు. పొదుపు నిధినుండి ఒకటి కొని, వైద్యుని చీటీ చూపినవారికి వంతులవారీగా ఇచ్చే ఏర్పాటును రాబోయే సర్వసభ్య సమావేశములో చర్చకు పెట్టవలెనని, ప్రకటనల విషయము కూడా ఆ రోజే తేల్చవలెనని కార్యవర్గమును కోరుచున్నాను.